దిద్దిన చెవి

ఆడవాళ్ల హాస్టలు, మేడ మీది మూల గది
చలి ఇంకా వదలని సోమవారం

ఒరేయ్ తమ్ముడూ,

క్షేమంగా చేరాను. రైలు ఆలస్యం, మంచం కిర్రు, దుప్పటి పొట్టి. ఈ మూడూ తప్ప తక్కినదంతా బాగానే ఉంది. ఫోను వార్డెను బల్ల మీద ఉంటుంది. ఎవరు మాట్లాడినా ఆవిడ ఏదో రాసుకుంటున్నట్టు నటిస్తూ చెవి ఇటే పారేస్తుంది. అయినా ఫోనులో నువ్వు "ఆ", "ఊ" తప్ప ఇంకో అక్షరం పలకవు. అందుకే ఉత్తరాలు రాద్దామన్నాను.

పని నాకు కొత్తది కాదు, కట్టుడు పళ్లే. అక్కడ నా ల్యాబులో నేనొక్కదాన్నే మైనం కరిగించి, పళ్లు పేర్చి, అరగదీసుకునేదాన్ని. ఇక్కడి పెద్ద ల్యాబులో హాలునిండా మనుషులు తలలు వంచుకుని అదే చేస్తున్నారు. ఎటు చూసినా నవ్వుతున్న దవడలు. పింగాణీ పళ్ల పని నేర్చుకునేదాకా, అంటే వానలు మొదలయ్యేదాకా, నా బతుకు ఈ దవడల మధ్యే.

ఇక అసలు సంగతికి వస్తాను. జడ్జిగారు ఎలా ఉన్నారు? నేను వదిలేసి వచ్చానని నా మీద తీర్పేమైనా చెప్పారా? ఈ హాస్టల్లో కుందేలుకి చోటు లేదని ఆయనకి నచ్చజెప్పలేక, స్టేషనుకి బయల్దేరేటప్పుడు మొహం చాటేసి వచ్చాను.

చెప్పిందే చెబుతోందని విసుక్కోకు. ఎండుగడ్డి ఎప్పుడూ బుట్టనిండా ఉండాలి. గుళికలు ఒక్క పిడికెడు, అది కూడా నీ పిడికిలి కాదు, నాది. తీపి ముట్టించకు. పెద్ద వయసు, నడుము వంగదు, వెనకభాగం తనంతట తాను శుభ్రం చేసుకోలేరు. అందుకని పొద్దునా సాయంత్రం ఒడిలోకి ఎత్తుకుని కింద చూడు. పెరటి గది కిటికీ దోమతెర మూల చిరిగి ఉంది. కుట్టి వద్దామనుకుని మరిచిపోయాను. ఎండలు ముదిరేలోగా ఆ పని చెయ్యి.

అన్నిటికన్నా ముఖ్యం, పిల్లల చేతికి ఇవ్వకు. ఆ బడి నుంచి తెచ్చిన రోజు నువ్వూ నాతోనే ఉన్నావు. క్లాసులో పిల్లలు ఒకళ్ల చేతిలోంచి ఒకళ్లు లాక్కుంటే చెవి అంచు తెగి, ఆ గాటు అలాగే ఉండిపోయింది. ఎన్నాళ్లు నా బల్ల కిందనుంచి బయటికి రాలేదో నీకు గుర్తుండే ఉంటుంది. ఇంకెప్పుడూ ఏ పిల్లల చేతిలోనూ పెట్టనని ఆ బల్ల కింద బోర్లా పడుకుని మరీ ఆయనకి మాటిచ్చాను. ఇప్పుడు ఆ మాట నీది. స్టేషన్లో నా చేతిలో చెయ్యేసి సరేనన్నావు కాబట్టే ఇక్కడ నాకు నిద్ర పడుతోంది.

నీ అక్క

⁂

మన స్టూడియో, కౌంటరు వెనక

అక్కా,

జడ్జిగారు క్షేమం. నిన్ననే నా కొత్త చెప్పు అంచు కొరికి శిక్ష అమలు చేశారు. నేరమేమిటో చెప్పలేదు. పెరటి గదిలో చాప మీద కాళ్లు బారజాపుకుని పడుకుంటున్నారు. ఆ వైపు ఎవరూ రారు. గడ్డి బాగానే తింటున్నారు, నేనే సన్నబడుతున్నాను.

నువ్వు వెళ్లాక ఇల్లు బోసిపోయింది. తిట్టేవాళ్లు లేక అన్నం సయించడం లేదు. అయితే స్టూడియోకి ఈ మధ్య జనం బాగా వస్తున్నారు. బయట బెంచీ ఖాళీ ఉండటం లేదు. ఎందుకని అడిగితే ఏం చెప్పను, నా చెయ్యి ఇన్నాళ్లకి తిరిగినట్టుంది. ఊరికే ఈగలు తోలుకుంటూ కూర్చునేవాణ్ణి, ఇప్పుడు మధ్యాహ్నం నిద్ర కూడా లేదు.

ఒక్క చిన్న సంగతి. జడ్జిగారికి వెనకవైపు కాస్త పచ్చగా మరక పడుతోంది. తెల్ల బొచ్చు కదా, కొట్టొచ్చినట్టు కనపడుతోంది. పసిపిల్లల షాంపూ వేసి కడిగితే పోతుందేమో. కడగనా?

నీ తమ్ముడు

⁂

హాస్టలు, మూల గది

తమ్ముడూ,

కడగకు. ఈ ముక్క కనపడగానే చేతిలో ఉన్న మగ్గు కింద పెట్టు.

మరక పడిందంటే పెంట మెత్తగా వస్తోందని అర్థం. మెత్తగా వస్తోందంటే గడ్డి తగ్గి ఇంకేదో కడుపులోకి పోతోందని అర్థం. ఏం పెడుతున్నావు? నీ టీలో ముంచే బిస్కెట్టు ముక్క ఆయన వైపు విసురుతున్నావా? నువ్వు చిన్నప్పుడు పలక కింద బెల్లం దాచుకున్నవాడివి, నిన్ను అనుమానించక తప్పదు. ఏది పెడుతున్నా ఆపెయ్యి. వెచ్చటి నీళ్లలో ముంచి పిండిన గుడ్డతో ఆ ఒక్క చోటే తుడిచి, పొడిగుడ్డతో పూర్తిగా ఆరబెట్టు. కుందేలు బొచ్చు తడిస్తే ఓపట్టాన ఆరదు. ఆ తడికీ వాసనకీ ఈగ వాలి గుడ్లు పెట్టిందంటే ఒక్క పూటలో పురుగులవుతాయి. అవి చర్మాన్ని తినుకుంటూ లోపలికి పోతాయి. నేను ల్యాబు పెట్టకముందు పశువుల ఆసుపత్రి పక్కనే అద్దెకున్నాను, అలాంటి కుందేళ్లని చూశాను. అన్నీ బతకవు.

నువ్వు ఫోటోలవాడివి, నీకు మొహం తప్ప ఇంకేమీ కనపడదు. ఇన్నేళ్లలో ఒక్క మనిషి వీపైనా చూశావా? ఇక్కడ మాత్రం వెనకవైపే చూడాలి. విసుగైనా సరే, రోజూ చూడు.

అక్క

⁂

పశువుల ఆసుపత్రి, వరండా బల్ల

అక్కా,

ఫోనులో నీకు సగమే చెప్పాను. ఇక్కడ కూర్చుని తక్కినది రాస్తున్నాను.

పొద్దున గడ్డి ముట్టుకోలేదు. మూలకి ముడుచుకుని, కళ్లు సగం మూసి కూర్చున్నారు. ఎండకి నీరసపడ్డారనుకున్నాను. మధ్యాహ్నం దగ్గరికి వెళితే వాసన వచ్చింది. ఎత్తి చూశాను. తోక కింద బొచ్చు తడిగా అట్టకట్టి ఉంది, అట్ట లోపల తెల్లగా కదులుతోంది. ముందు నాకు అర్థం కాలేదు. తరవాత నీ ఉత్తరంలోని మాట గుర్తొచ్చింది. తువ్వాల్లో చుట్టుకుని, స్టూడియోకి తాళం కూడా వెయ్యకుండా పరిగెత్తాను.

డాక్టరమ్మ ముందు నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చింది. బొచ్చంతా కత్తిరించింది. పట్టకారుతో పురుగులు ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేసింది. నేను తల పట్టుకున్నాను. అప్పుడు కూడా ఆయన కదల్లేదక్కా, నా అరచేతిలో మొహం పెట్టుకుని అలాగే ఉన్నారు. మందు నీళ్లతో కడిగి, చర్మం తడి లేకుండా ఆరబెట్టి, చర్మం కిందికి సెలైను ఎక్కించింది. రెండు చోట్ల చర్మం పచ్చిగా లేచిపోయింది. పొట్ట లోపలికి పోలేదు, అదే అదృష్టమంది. తిండి తినక కడుపులో కదలిక ఆగిపోతే మాత్రం తన చేతిలో లేదంది. ఈ రెండు రోజులూ గడవాలట.

ఎలా వచ్చిందని నువ్వు ఫోనులో మళ్లీ మళ్లీ అడిగావు. ఎండలు ముదిరాయి, ఊరంతా ఈగలే. దోమతెర మూల చిరిగి ఉందని నువ్వే రాశావు కదా. అందులోంచి వచ్చి ఉంటాయి.

ఏం చెయ్యాలో రాయి. నువ్వు చెప్పినట్టే చేస్తాను.

తమ్ముడు

⁂

హాస్టలు

నాన్నా,

ఏడ్చి ఏడ్చి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే సర్దుకుని చదువు. సెలవు అడిగాను. మా మేస్త్రి నా బల్ల మీదున్న దవడల వరస చూపించి, ఇవి ఇచ్చి వెళ్లమన్నాడు. మనిషికి పళ్లు వారం ఆలస్యమైతే ప్రాణం పోదని చెప్పినా వినలేదు.

తప్పంతా నాది. సూదీ దారం పట్టుకుంటే నిమిషం పని ఆ దోమతెర. పెట్టె సర్దుకునే హడావిడిలో వదిలేసి, పెద్ద దానిలా నీకు పురమాయించాను. నా బద్ధకానికి ఆ ముసలి ప్రాణమూ నువ్వూ ఇంత అవస్థ పడుతున్నారు. పైగా బిస్కెట్లు పెడుతున్నావా అని నిన్నే నిలదీశాను. నన్ను క్షమించరా. ఆయన్ని కూడా అడిగానని చెప్పు.

ఇప్పుడు చెయ్యాల్సింది శ్రద్ధగా చదువు. డాక్టరమ్మ ఇచ్చిన గడ్డిపొడి నీళ్లలో జావలా కలిపి, సూది లేని సిరంజితో బుగ్గ పక్కనుంచి కొంచెం కొంచెంగా పట్టు. గొంతులోకి తిన్నగా కొట్టకు, పొలమారుతుంది. మింగేదాకా ఆగి మళ్లీ పట్టు. నొప్పి మందు ఒక్క పూట కూడా మానకు, నొప్పి ఉంటే తినరు, తినకపోతే కడుపు ఆగుతుంది. చాప తీసేసి తెల్లటి తువ్వాలు పరువు, తడి అయితే వెంటనే తెలుస్తుంది, వెంటనే మార్చు. పెరటి గది గూట్లో కాదు, నీ గదిలోనే పెట్టుకో. గాయం మీద డాక్టరమ్మ ఇచ్చింది తప్ప ఏదీ పుయ్యకు. కుక్కలకు పూసే ఈగల మందు ఎవరైనా పుణ్యానికి తెచ్చిచ్చినా ముట్టుకోకు, కుందేలుకి అది విషం. పొద్దునా మధ్యాహ్నం సాయంత్రం దీపం దగ్గర పెట్టి చర్మమంతా వెతుకు. ఒక్క గుడ్డు మిగిలినా మళ్లీ మొదటికొస్తుంది.

ఇంతమందిలో నీ చేతిలో పెట్టి వచ్చాను కాబట్టి బతికారు. ఇంకెవరైనా అయితే మూలన వదిలేసేవాళ్లు.

అక్క

⁂

ఇల్లు, నా గది

అక్కా,

పెంట పడింది. చదివేవాళ్లెవరైనా ఉంటే నవ్వుతారు గానీ ఇంతకన్నా మంచి వార్త నా దగ్గర లేదు. చిన్నవి, నల్లవి, గట్టివి. అరచేతిలో పెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్లి చూపిస్తే డాక్టరమ్మ కూడా నవ్వింది. ఇక భయం తగ్గిందంది. నిన్న సాయంత్రం సిరంజిని పక్కకి నెట్టి, తనంతట తాను గడ్డి పరక లాగారు. ఆ నమిలే చప్పుడు వింటూ చాలాసేపు నేల మీదే కూర్చున్నాను.

గాయం అంచులు ముడుచుకుంటున్నాయి. బొచ్చు లేక వెనకవైపు గులాబీరంగులో, పదవీ విరమణ చేసిన జడ్జిగారిలా ఉన్నారు. ముసలి పళ్లు కూడా చూసింది డాక్టరమ్మ, వెనక పన్ను ఒకటి పెరిగిందట, కోలుకున్నాక అరగదీస్తానంది. నీ చెల్లెలై ఉండాలి.

దోమతెర గురించి నిన్ను నువ్వు తిట్టుకోకు. ఎవరు మాత్రం కావాలని చేస్తారు? జరిగిందేదో జరిగిపోయింది. నా మనసులో ఏమీ లేదు, ఆయన మనసులో కూడా ఉండదు. దాని గురించి ఇంక రాయకు.

తమ్ముడు

⁂

ల్యాబు, భోజనాల గది

పైన పిలుపు రాయలేదు. ఏం రాయాలో తోచలేదు.

ఇవాళ పంటి డాక్టర్ల ఆసుపత్రులకి పంచే పోస్టర్ల కట్ట వస్తే, మావాళ్లు ఒకటి విప్పి ఇక్కడ గోడకి అంటించారు. నేను టిఫిను డబ్బా మూత తీస్తూ తలెత్తాను. ఎవరో కుర్రాడు పళ్లన్నీ కనపడేలా నవ్వుతున్నాడు. చంకలో తెల్ల కుందేలు, వెనక కాళ్లు కిందికి వేలాడుతున్నాయి. రెండో చేతిలో కారెట్టు. పళ్లు రోజూ తోముకోమని కింద పెద్ద అక్షరాలు.

తెల్ల కుందేళ్లు లోకంలో బోలెడు అనుకున్నాను. తరవాత వెనకనున్న తెర చూశాను. మన స్టూడియోలో కట్టిన అమ్మ నీలం కర్టెను. కాలినచోట నేను వేసిన మాసిక. అప్పుడు లేచి దగ్గరికి వెళ్లాను. చెవి చూశాను, నిండుగా ఉంది. గాటు లేదు. ఒక్క క్షణం ఎంత హాయిగా ఊపిరి పీల్చుకున్నానో నీకు చెప్పలేను. మన జడ్జిగారు కాదు, తమ్ముడు ఇంకెవరి కుందేలునో ఫోటో తీశాడు అనుకున్నాను. నిన్ను అనుమానించినందుకు సిగ్గు కూడా పడ్డాను.

విరిగిన పళ్లకు అంచు కట్టేది నా వృత్తి. కట్టిన అంచు నా కళ్లని దాటిపోదు. ఆ చెవి అంచు నువ్వు దిద్దావు. కుంచె చివర కాస్త ఎడమకి లాగడం నీ అలవాటు. అమ్మ ఫోటోలో కనుబొమ మీది మచ్చ తీసేసినప్పుడు కూడా అలాగే లాగావు, నేను నీతో దెబ్బలాడాను.

గాటు దిద్దావంటే అది ఎలా పడిందో నీకు గుర్తుందన్నమాట. గుర్తుండి కూడా పిల్లల చేతిలో పెట్టావు. ఆ వైపు ఎవరూ రారని నేను అడక్కుండానే రాశావు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకోవడం విన్నాను, దొంగ అనకముందే తడుముకున్నవాణ్ణి నిన్నే చూశాను. జనం ఎందుకు వస్తున్నారో, పెంట ఎందుకు మెత్తబడిందో, ఇంట్లో పసిపిల్ల లేకపోయినా పసిపిల్లల షాంపూ ఎక్కణ్ణుంచి వచ్చిందో, ఇప్పుడన్నీ ఒక్కసారిగా అర్థమయ్యాయి. ఎన్నాళ్లనుంచి కడుగుతూ కడగనా అని అడిగావు?

నన్ను కోసేసింది మాత్రం ఇదేదీ కాదు. నేను నిన్ను క్షమించమని అడిగాను. నువ్వు క్షమించావు.

⁂

స్టూడియో

అక్కా,

అంతా చెబుతాను. చదవకుండా చింపెయ్యకు.

నువ్వు వెళ్లిన కొత్తలో ఒక పాప ఎంతకీ ఏడుపు మానలేదు. జడ్జిగారు ఎలా వచ్చారో, పెరటి తలుపులోంచి గెంతుకుంటూ వచ్చారు. పాప టక్కున ఆగిపోయింది. ఫోటో బ్రహ్మాండంగా వచ్చింది. ఆ తల్లి ఇంకో తల్లికి చెప్పింది. కుందేలు ఉందా అని అడుగుతూ వచ్చేవాళ్లు. మూడేళ్లనుంచి ఆ బెంచీ మీద నేనొక్కణ్ణే కూర్చున్నాను. నా దగ్గరికి మనుషులు రావడం ఎలా ఉంటుందో మరిచిపోయాను. అది వదులుకోలేకపోయాను.

ఆయన కెమెరా వైపు తిరగడానికి పిల్లలు బిస్కెట్టో కారెట్టో చూపించేవాళ్లు. వద్దనలేదు. మరక పడితే ఫోటోలో కనపడుతుందని రోజూ కడిగాను. నీ ఉత్తరం వచ్చాక కూడా, వారంలో ముగ్గురు రావాల్సి ఉందని, ఆ ముగ్గురూ అయ్యాక మానేద్దామనుకున్నాను. ఆరీ ఆరకుండానే లైట్ల ముందు కూర్చోబెట్టాను. పోస్టర్లు అచ్చువేసే ప్రెస్సాయన ఫోటో అడిగితే ఇచ్చాను. చెవి చూస్తే జాలిగా ఉంది, దిద్దమన్నాడు. దిద్దుతుంటే నీ మొహం గుర్తొచ్చింది. అయినా దిద్దాను.

ఒక్కటి నమ్ము. ఆయనకి కష్టమని నాకు నిజంగా తెలియదు. ఒక్కసారి కూడా పెనుగులాడలేదు, అరవలేదు. ఎలా కూర్చోబెడితే అలా కదలకుండా కూర్చునేవారు. అంత బాగా కుదురుగా కూర్చున్నవాళ్లు నా కెమెరా ముందుకి ఇంతవరకూ రాలేదు. ఇష్టమే అనుకున్నాను.

డాక్టరమ్మకి ఆ రోజే ఉన్నదున్నట్టు చెప్పాను. చెప్పకపోతే ఆవిడ వైద్యం ఎలా చేస్తుంది? దోమతెర నువ్వు వెళ్లిన వారంలోనే కుట్టాను. నువ్వు అంత ఏడుస్తూ రాసేసరికి కాదని చెప్పలేకపోయాను.

తమ్ముడు

⁂

హాస్టలు

తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడ గడ్డికోసం అన్నాడట. నీ ఉత్తరం అంతా ఆ గడ్డే.

కుందేలుకి భయమేస్తే అరవదు. బిగుసుకుపోతుంది. ఊపిరి కూడా సన్నగా తీస్తుంది, పట్టుకున్నవాడు చచ్చిందనుకుని వదిలేస్తాడేమోనని. దాన్నే నువ్వు కుదురు అనుకున్నావు. లెన్సులోంచి చూసి, మంచి ఫోటో అనుకుని నొక్కావు. నా బల్ల కింద కూడా మన జడ్జి అలాగే కదలకుండా ఉన్నాడు, అదేమిటో ఆనాడే నీకు చెప్పాను.

డాక్టరమ్మకి నిజం చెప్పావు. అంటే నిజం చెప్పడం నీకు చేతనవునన్నమాట. నాకు చెప్పడమే చేతకాలేదు. కుట్టి ఉన్న దోమతెర కోసం నన్ను ఏడవనిచ్చావు. దాని గురించి ఇంక రాయకు అని ఉదారంగా రాశావు. ఆ వాక్యం నాకు కంఠతా వచ్చింది. పళ్లు అరగదీస్తూ రోజంతా అదే వింటున్నాను. చిన్నప్పటినుంచీ నువ్వు చేసినవి ఎన్నో నా మీద వేసుకున్నాను, అవన్నీ తెలిసే వేసుకున్నాను. తెలియకుండా వేసుకున్నది ఇదొక్కటే.

డాక్టరమ్మకి ఫోను చేశాను. చర్మం పూర్తిగా మూసుకునేదాకా రైల్లో తిప్పకూడదంది. ఆసుపత్రిలో పెడదామంటే కుక్కల మొరుగుడుకే గుండె ఆగుతుందంది. కంచే చేను మేసిందని తెలిసి కూడా చేనుని ఆ కంచెలోనే ఉంచాల్సి వచ్చింది. ఇంతకన్నా అవమానం నాకు తెలియదు.

కాబట్టి రోజూ ఒక ఉత్తరం రాయి. బాగున్నారు అని రాయకు. నీ బాగున్నారు మీద నాకు నమ్మకం పోయింది. కంటితో చూసింది రాయి. ఎంత తిన్నాడు, కింద పొడిగా ఉందా తడిగా ఉందా, పెంట ఎలా ఉంది. ఇంకేమీ రాయకు.

⁂

ఇల్లు

పొద్దున ఎత్తి చూశాను. కింద పొడిగా ఉంది. ఎడమవైపు గాయం మూసుకుంది, కుడివైపు చిటికెన గోరంత పచ్చి ఉంది. బుట్ట గడ్డి సగం అయింది. పెంట గట్టిది. సాయంత్రం మళ్లీ చూశాను, పొడి.

⁂

ఇల్లు

పొద్దున తువ్వాలు ఒక మూల తడి. మార్చాను. గూడు కింద చెక్క కూడా తీసి ఎండలో పెట్టాను, వాసన పట్టి ఉంది. తలుపుకి కూడా తెర కట్టాను. ఈగలు గుడ్లు పెట్టినా పురుగు కాకుండా డాక్టరమ్మ మందు పూసింది, కొన్ని వారాలకోసారి పూయాలట, ఎండలు పోయేదాకా. తూకం చూసింది. బిస్కెట్లతో పెరిగిన బరువు కాస్త తగ్గింది, ఇంకా తగ్గాలంది. కొత్తిమీర రెండు రెమ్మలు మించి పెట్టలేదు.

⁂

ఇల్లు

కుడివైపు కూడా మూసుకుంది. నూగు బొచ్చు వస్తోంది. పెరిగిన పన్ను డాక్టరమ్మ అరగదీసింది. వచ్చాక గడ్డి తిన్నాడు. పొద్దున పొడి, సాయంత్రం పొడి.

ఇవాళ ఒకావిడ పాపని తీసుకొచ్చి కుందేలు ఏదని అడిగింది. లేదని చెప్పాను. ఇంకేమీ రాయొద్దన్నావు. ఇది కంటితో చూసినదే కాబట్టి రాశాను.

ఇక తీసుకెళ్లొచ్చని డాక్టరమ్మ చెప్పింది.

⁂

స్టూడియో

అక్కా,

నువ్వు వచ్చి తీసుకెళ్లి వానాకాలం సగం గడిచింది. నీ జవాబు వస్తుందని రోజూ పోస్టు వేళకి గుమ్మంలోనే ఉంటున్నాను.

ఆ రోజు బుట్ట, గడ్డి, మందుసీసా అన్నీ సర్ది పెట్టాను. నువ్వు నా చేతిలోంచి ఆయన్ని తీసుకుని, దీపం కిందికి తీసుకెళ్లి, తిరగేసి ప్రతి అంగుళం చూశావు. ఏమైనా అంటావని నిలబడ్డాను. "తలుపు వెయ్యి, గాలి కొడుతోంది" అన్నావు. అంతే. నువ్వు తిట్టి ఉంటే ఆ రాత్రి అన్నం తినేవాణ్ణి.

ల్యాబు దగ్గర కింది అంతస్తులో గది తీసుకున్నావని, ఇక ఇటు రావడం లేదని వార్డెను ఫోనులో చెప్పింది. నువ్వు చెప్పలేదు. ఆ పోస్టరు ఇక వెయ్యొద్దని ప్రెస్సాయనతో చెప్పాను. అచ్చయినవి ఎక్కడెక్కడికి పోయాయో తనకే తెలియదన్నాడు.

పొద్దునే లేచి ఇప్పటికీ పెరటి గదిలోకి వెళుతున్నాను. చేతులు కడుక్కుని, తువ్వాలు తీసి, అప్పుడు గుర్తొస్తుంది. నేను చేసింది చిన్నదని అనడం లేదు. ఒక్కసారి వచ్చి చూసి వెళతాను. ఎత్తుకోను. దూరంనుంచే చూస్తాను. రమ్మంటావా?

తమ్ముడు

⁂

నా గది, కింది అంతస్తు

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. రెండుసార్లు జవాబు రాసి చింపేశాను. ఒకటి మరీ కఠినంగా ఉంది, ఇంకోటి మరీ మెత్తగా ఉంది. రెండూ అబద్ధాలే.

వాడు బాగున్నాడు. బొచ్చు పూర్తిగా వచ్చింది, కొత్తది పాతదానికన్నా కాస్త పసుపు. పొద్దున్నే గదిలో ఈ మూలనుంచి ఆ మూలకి పరిగెత్తి, గాల్లో ఒక్క మెలిక తిరిగి దూకుతున్నాడు. ఆ వయసులో వాడలా దూకితే ఎవరికైనా నవ్వొస్తుంది, నాకు ఏడుపొచ్చింది. రోజుకి రెండుసార్లు కింద చూస్తున్నాను. ఇప్పటిదాకా మళ్లీ ఏమీ రాలేదు. నువ్వు ఆ చివరి రోజుల్లో చూసిన తీరు సరిగ్గానే ఉంది, డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. ఉన్నది ఉన్నట్టు రాయాలి కాబట్టి రాస్తున్నాను.

ఇంకోటి కూడా రాయాలి. నీ కవరు విప్పి నేల మీద పెడితే వాడు బల్ల కిందనుంచి వచ్చాడు. వాసన చూశాడు. గడ్డంతో దాన్ని రుద్ది, తనదని ముద్ర వేసుకుని, దాని మీద తల పెట్టి పడుకున్నాడు. నీ చేతి వాసన వాడికి ఇష్టం. పురుగులు తీసేటప్పుడు పట్టుకున్న చెయ్యి అది. పిల్లలకి అందించిన చెయ్యి కూడా అదే, కానీ వాడు ఆ లెక్క వెయ్యడు. వాడికి నీ మీద ఏమీ లేదు. వాణ్ణి చూసి నేను కూడా అలా ఉండాలని ప్రయత్నించాను. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయని అమ్మ ఊరికే అనేది, ఆ మాట ఇంత బరువని నాకు తెలియదు. నువ్వంటే ప్రేమ పోలేదు. పోయి ఉంటే ఈ ఉత్తరం ఎప్పుడో రాసేసేదాన్ని. నమ్మకమే పోయింది, అది ఎలా తిరిగొస్తుందో నాకు తెలియడం లేదు.

ఆదివారం మధ్యాహ్నం రా. దూరంగా కూర్చోనక్కర్లేదు, వాడు ఎలాగూ నీ ఒళ్లోకి వస్తాడు. రానివ్వు. నీకు టీ ముందే చేసి ఫ్లాస్కులో పోసి పెడతాను. మంచినీళ్లు కూడా చెంబుతో పక్కనే పెట్టుకుంటాను. నువ్వు ఉన్నంతసేపూ వాణ్ణి వదిలి ఆ గదిలోంచి నేను కదలను.

అక్క